ఒకే యాంప్లిఫయర్‌తో ఒక స్పీకర్ హోరెత్తిస్తే, మరొకటి ఎందుకు మూలుగుతుంది?

ఒక వాట్ ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే ఒక స్పీకర్ 95 డెసిబెల్స్ మోగొచ్చు, మరొకటి 85 దగ్గరే ఆగొచ్చు. ఆ 10 డెసిబెల్స్ లోటు పూడాలంటే 10 రెట్ల పవర్ కావాలి! ఛానెల్‌కి ఒక్క 300బి వాల్వు ఉన్న యాంప్లిఫయర్ ఇచ్చేది దాదాపు 8 వాట్లే. మొదటి స్పీకర్‌కి అది హాయిగా సరిపోతుంది, రెండోది గట్టిగా మోగాలంటే చాలదు.

ఇంకో చిక్కు ఓమ్‌లది. 8 ఓమ్‌ల స్పీకర్‌తో పోలిస్తే 4 ఓమ్‌లది అదే వోల్టేజీకి రెట్టింపు కరెంటు లాగుతుంది. వాల్వుల్లో వోల్టేజీ ఎక్కువ, కరెంటు తక్కువ. అందుకే సాధారణంగా మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, 4, 8 ఓమ్‌లకు వేర్వేరు టెర్మినళ్లు ఇస్తారు. ట్రాన్సిస్టర్లేమో ఎక్కువ కరెంటును నేరుగానే అందించగలవు. కాబట్టి మొండి స్పీకర్లకు గట్టి పవర్ సప్లై ఉన్న ట్రాన్సిస్టర్ యాంప్లిఫయరే నయం.