ఆదిమ విశ్వంలో ప్రవాహి స్నిగ్ధత: పాత్ర, పరిమితులు

వ్యాససంగ్రహం: ఆదిమ విశ్వాన్ని ఆదర్శ ప్రవాహిగా భావించే నమూనాలలో ఎంట్రోపీ పెరుగుదలకు తావు లేదు. స్నిగ్ధతను చేర్చినప్పుడు ఆ లోటు తీరుతుంది. అది ఎక్కడ పనిచేస్తుందో, దాని ఆధారంగా ఎంతవరకు నిర్ధారణలు చేయవచ్చునో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: స్నిగ్ధత, ఆదిమ విశ్వం, ఎంట్రోపీ, సమదైశికత, వ్యాకోచం.

1. రెండు విధాల స్నిగ్ధత

గద్వాల సమీపంలోని జూరాల కాలువలో నీరు గట్టు పక్కన మెల్లగానూ, నడుమ వడిగానూ సాగుతుంది. పొరల మధ్య ఈ వేగభేదాన్ని తగ్గించజూసే అంతర్గత ఘర్షణయే విరూపణ స్నిగ్ధత. నీటికంటె ఆముదంలో ఇది చాలా ఎక్కువ. అన్ని దిక్కులకూ సమానంగా వ్యాకోచించే విశ్వానికి గట్టు లేదు, పొరల జారుడూ లేదు. కాబట్టి అక్కడ మిగిలేది ఆయత స్నిగ్ధత ఒక్కటే. ఘనపరిమాణం మారుతున్న వేగానికి తగినట్లు కణాలు వెంటనే సమతాస్థితికి చేరలేకపోవడం వల్ల ఇది పుడుతుంది.

2. పీడనంపై ప్రభావం

ఎకార్ట్ 1940లో ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని విశ్వానికి అన్వయిస్తే, సమతాస్థితి పీడనం నుండి ఆయత స్నిగ్ధతా గుణకం, హబుల్ రేటుల లబ్ధానికి మూడు రెట్లు తీసివేయగా ఫలిత పీడనం లభిస్తుంది. పీడనం తగ్గినందున శక్తిసాంద్రత తగ్గుదల మందగిస్తుంది, ఎంట్రోపీ పెరుగుతుంది. కేవల వికిరణానికి ఈ గుణకం సున్న. పదార్థం, వికిరణం పరస్పరం శక్తిని ఇచ్చిపుచ్చుకొనే మిశ్రమంలో అది సున్న కాదు. అటువంటి మిశ్రమానికి వైన్‌బర్గ్ 1971లో గుణకాన్ని లెక్కించాడు.

3. పరిశోధనా క్రమం

నేటి సూక్ష్మతరంగ నేపథ్య వికిరణం దాదాపు లక్షలో ఒక వంతు తేడాతో అన్ని దిక్కులా ఒకేలా ఉంది. ఈ సమదైశికతకు కారణంగా మిస్నర్ 1968లో న్యూట్రినోల స్నిగ్ధతను సూచించాడు. వెయ్యి కోట్ల కెల్విన్‌లకు పైబడిన ఉష్ణోగ్రత వద్ద అది దిశాభేదాలను అణచివేసి ఉంటుందన్నది అతని వాదం. అయితే ఎంతటి ఆరంభ దిశాభేదాన్నైనా అది తుడిచివేయలేదని తరువాతి విశ్లేషణలు తేల్చాయి. గుణకం సాంద్రతకు అనుపాతమని భావించి మర్ఫీ 1973లో ఆరంభ ఏకత్వం లేని నమూనాను నిర్మించాడు. 1987లో పద్మనాభన్, చిత్రే ఆయత స్నిగ్ధత వేగవంతమైన వ్యాకోచానికి దారితీయగలదని చర్చించారు. తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయ అనువర్తిత గణిత శాఖకు చెందిన డి.ఆర్.కె. రెడ్డి, వి.యు.ఎం. రావు మొదలైనవారు విశ్వనమూనాల సాధనలపై విస్తృతంగా కృషిచేశారు.

4. పరిమితులు

ఎకార్ట్ సిద్ధాంతంలో సంక్షోభాలు కాంతికంటె వేగంగా వ్యాపించగలవు. ఇజ్రాయెల్, స్టీవార్ట్ 1979లో విశ్రాంతి కాలాన్ని ప్రవేశపెట్టి ఈ దోషాన్ని సరిదిద్దారు. మరొక చిక్కు ఇంకా లోతైనది. వ్యాకోచం త్వరణం పొందాలంటే స్నిగ్ధతా పదం సమతాస్థితి పీడనాన్ని మించాలి. ఈ సిద్ధాంతాలో, సమతాస్థితి నుండి విచలనం స్వల్పమనే ఊహపై నిలిచినవి. అంటే కోరిన ఫలితం లభించే చోటనే సిద్ధాంతపు ఆధారం బలహీనపడుతుంది.

5. ముగింపు

గుణకాన్ని సాంద్రతకో, హబుల్ రేటుకో అనుపాతంగా ఎంచుకొంటే సమీకరణాలు సులభంగా సాధ్యమవుతాయి. కాని ఆ సౌలభ్యం భౌతిక ప్రమాణం కాదు. గుణకం ఏ కణాల అభిఘాతాల నుండి వచ్చింది, విశ్రాంతి కాలం వ్యాకోచ కాలంకంటె తక్కువగా ఉందా, ఎంట్రోపీ పెరుగుతున్నదా అనే మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పగలిగినప్పుడే స్నిగ్ధ విశ్వనమూనా గణిత సాధన స్థాయిని దాటి భౌతిక వివరణ అవుతుంది.