ఛాయాచిత్ర సంఘములు - స్నేహలాభము

ఇంటిభాష యొకటి, వీధిభాష వేఱొకటి యైన బాలబాలికలకు నలుగురిలో మాటాడుటకు బెదురు కలుగుట సహజము. దానిని తీర్చు సాధనములలో ఛాయాగ్రహణ మొకటి.

ఈ కళ చెన్నపట్టణమునకు క్రొత్తది కాదు. డాగురే పద్ధతి 1839లో పారిసులో వెల్లడి యయ్యెను; 1857 నాటికే మదరాసు ఛాయాచిత్ర సంఘము వెలసెను. 1850లో ఇచ్చట చిత్రకళాశాలను నెలకొల్పిన వైద్యుడు అలెగ్జాండర్ హంటరు దానికి మూలపురుషుడు.

ఇట్టి సంఘములు స్నేహము నెట్లు కలిగించును? పదిమంది కలిసి మైలాపూరు కోనేటికి పోయిరనుకొనుడు. కోనే రొకటియే, ఒకరు మెట్లపై నీడను, వేఱొకరు పూలమ్మెడి అవ్వ చేతులను ఫొటో తీయుదురు. పిదప అన్నియు పరచి చూతురు. వెలుగు చాలినదా, చేయి కదలినదా యన్నదే చర్చ. ఉచ్చారణలో తప్పు లెన్నుట కెవ్వరికిని తీఱిక యుండదు. అవ్వను ఫొటో తీయుటకు ముందు అనుమతి యడుగవలెను. అందులకు తమిళమున రెండు మాటలైనను పలుకవలెను. ధైర్య మచ్చటనే మొలకెత్తును.

తల్లిదండ్రులారా! ఖరీదైన కెమెరా యక్కఱలేదు. ఇంటిలోని సెల్‌ఫోను చాలును. విద్యార్థులారా! ఫొటో క్రింద పేరు తెలుగునను, తమిళమునను వ్రాయుడు. చూచినవారు తెలుగు మాట కర్థ మడుగుదురు, చెప్పుడు.