ఆస్బోర్న్ హౌస్

ఆస్బోర్న్ హౌస్ ఇంగ్లాండు దక్షిణ తీరానికి ఆవల ఉన్న ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలో, ఈస్ట్ కౌస్ పట్టణానికి సమీపమున గల రాజభవనము. విక్టోరియా మహారాణి, ఆమె భర్త ఆల్బర్ట్ యువరాజు దీనిని సముద్రతీర విడిదిగా నిర్మింపజేశారు. సుమారు 380 చదరపు కిలోమీటర్ల వైశాల్యం గల ఈ ద్వీపాన్ని ప్రధాన భూభాగం నుండి సోలెంట్ జలసంధి వేరు చేస్తున్నది. 1901 జనవరి 22న మహారాణి ఈ భవనంలోనే మరణించినది.

నేపథ్యం

విక్టోరియా బాల్యంలో 1831, 1833 సంవత్సరాలలో ఈ ద్వీపంలోని నోరిస్ కోటలో విడిది చేసినది. రాణి అయిన తరువాత బ్రైటన్ పట్టణంలోని రాజవిడిది ఆమెకు నచ్చలేదు. చుట్టూ ఊరు పెరగడంతో అక్కడ ఏకాంతం కరువైనది. 1845లో రాజదంపతులు ఆస్బోర్న్ ఎస్టేటును సొంత ధనంతో కొన్నారు. 1850లో బ్రైటన్ భవనాన్ని ఆ పట్టణానికే విక్రయించారు.

నిర్మాణం

సోలెంట్ దృశ్యం ఆల్బర్టుకు ఇటలీలోని నేపుల్స్ అఖాతాన్ని జ్ఞప్తికి తెచ్చినది. అందుచేత ఇటలీ పునరుజ్జీవన శైలిని ఎంచుకొని, లండను భవననిర్మాత థామస్ క్యూబిట్ సహకారంతో 1845-1851 మధ్య భవనాన్ని పూర్తి చేయించెను. తోటలోని స్విస్ కాటేజీలో రాజకుమారులు, రాజకుమార్తెలు వంట, తోటపని నేర్చుకొనేవారు.

దర్బారు మందిరం

1877 నుండి భారత సామ్రాజ్ఞి బిరుదు ధరించిన విక్టోరియా ఏనాడూ భారతదేశాన్ని చూడలేదు. 1890-1892 మధ్య ఇక్కడ నిర్మించిన దర్బారు మందిరం ఆ లోటును కొంత తీర్చినది. దీని అలంకరణను లాహోరు మేయో కళాశాలకు చెందిన భాయీ రామ్ సింగ్, లాక్‌వుడ్ కిప్లింగ్ పర్యవేక్షణలో రూపొందించెను. చెక్కపై చెక్కినట్లు కనబడే నగిషీలలో అధికభాగం అచ్చుపోసిన సున్నపుపనియే. ఆగ్రా నుండి 1887లో వచ్చిన అబ్దుల్ కరీం రాణికి హిందుస్తానీ నేర్పెను.

ద్వీపంపై ప్రభావం

ఈ ద్వీపం విహారస్థలం కావడానికి రాజవిడిది ఒక్కటే కారణం కాదు. రైడ్ పట్టణంలో పడవలు ఆగే వంతెన 1814లోనే ఏర్పడినది. కౌస్ పడవ పందేలు 1826లో ఆరంభమైనవి. అయితే రాణి రాకతో ద్వీపం పేరు దేశమంతటా మారుమ్రోగినది. కౌస్-న్యూపోర్ట్ రైలుమార్గం 1862లో, రైడ్-షాంక్లిన్ మార్గం 1864లో ప్రారంభమైనవి. వీటితో సామాన్య ప్రజలకు కూడా ద్వీప ప్రయాణం సులభమైనది.

ఏకాంతం కోరి రాణి వచ్చిన చోటికే జనం తరలివచ్చారు. 1853 నుండి ద్వీపంలోని ఫారింగ్‌ఫోర్డులో నివసించిన ఆస్థానకవి టెన్నిసన్, వేసవి సందర్శకుల తాకిడి భరించలేక ససెక్స్‌లో మరొక ఇల్లు కట్టుకొనెను.

నూతన శాస్త్ర పరికరాల ప్రదర్శనకు కూడా ఆస్బోర్న్ వేదికయైనది. 1878 జనవరి 14న గ్రాహంబెల్ ఇక్కడ రాణికి టెలిఫోనును చూపెను. 1898లో మార్కోనీ ఈ భవనానికి, సముద్రంలోని రాజనౌకకు మధ్య తీగలు లేకుండా సందేశాలు పంపెను.

పాలనలోనూ ఈ అనుబంధం కొనసాగినది. 1885లో సమీప విప్పింగ్‌హామ్ చర్చిలో వివాహమాడిన రాజకుమార్తె బియాట్రిస్, 1896లో భర్త మరణానంతరం ద్వీప గవర్నరు పదవిని స్వీకరించి 1944 వరకు నిర్వహించినది.

తరువాతి చరిత్ర

1902లో ఏడవ ఎడ్వర్డు ఈ భవనాన్ని జాతికి అప్పగించెను. ఎస్టేటులో 1903 నుండి 1921 వరకు నౌకాదళ కళాశాల నడిచినది. భవనంలో ఒక భాగం సైనికాధికారుల విశ్రాంతి గృహమైనది. రాణి మరణించిన గది 1954లో గాని ప్రజల సందర్శనకు తెరవబడలేదు. 1986 నుండి ఇంగ్లీష్ హెరిటేజ్ సంస్థ దీనిని నిర్వహిస్తున్నది. ఒకప్పుడు రాజకుటుంబానికే పరిమితమైన సముద్రతీరంలోకి 2012 నుండి సందర్శకులను అనుమతిస్తున్నారు.