కంప్యూటర్ ప్రోగ్రాములకూ ట్యాగు కట్టిన సంచులు

జీడిమెట్ల: విత్తన సంచి కొనేముందు మేడ్చల్, శామీర్‌పేట వైపు రైతు దాని నోటికి కట్టిన ట్యాగు చూస్తాడు. ధ్రువీకరించిన విత్తనానికి నీలి ట్యాగు, ఫౌండేషన్ విత్తనానికి తెల్ల ట్యాగు వుండాలని ఎవరూ చెప్పనక్కర లేదు. నకిలీ విత్తనం చేసే నష్టం అందరికీ తెలిసినదే. అయితే ఆ రైతే తన పాసుపుస్తకం, ఆధార్ కార్డు, బ్యాంకు కాగితాలు తీసుకుని ఏదో ఒక కంప్యూటర్ షాపు మెట్లు ఎక్కుతాడు. ఆ కంప్యూటర్‌లోని ప్రోగ్రాములు ఎక్కడి నుంచి వచ్చాయి, వాటికి ట్యాగు వున్నదా అని అడిగేవారు మాత్రం కానరారు.

కొనలేక కాపీ ప్రోగ్రాములతో నెట్టుకొచ్చే షాపులు చాలా వున్నాయి. ఒకరి పెన్‌డ్రైవ్ నుంచి ఇంకొకరి పెన్‌డ్రైవ్‌కు ఎక్కి వచ్చిన ప్రోగ్రాము అది. తాళం పగలగొట్టేందుకు దానితోపాటు ‘క్రాక్’ అనే మరో ముక్క వస్తుంది. ఆ ముక్కను తయారు చేసినదెవరో, అందులో ఇంకేమి పెట్టారో షాపువారికీ తెలియదు. దీనికి తోడు విండోస్ 10కు ఇచ్చే సాధారణ భద్రతా మరమ్మతులను 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ కంపెనీ నిలిపివేసింది. అదనపు రక్షణకు కొంతకాలం వేరే ఏర్పాటు వున్నా, విండోస్ 11కు సరిపడని పాత కంప్యూటర్లు బడులలోనూ షాపులలోనూ అనేకం మిగిలివున్నాయి. వాటిని పాత ఇనుము కింద అమ్ముకోవలసిందేనా అన్నది ఇప్పటి ప్రశ్న.

అక్కరలేదు. లినక్స్ ఆధారంగా నడిచే వ్యవస్థలు వున్నాయి. వీటికి డబ్బు కట్టనక్కర లేదు. లోపల ఏమి రాసి వున్నదో చదువు వచ్చిన ఎవరైనా విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఉచితం సంగతి చాలామంది చెబుతారు గాని, ప్రోగ్రాములను తెచ్చి పెట్టే ఏర్పాటు గురించి చెప్పేవారు తక్కువ. అసలు గొప్ప అక్కడే వుంది.

ఈ వ్యవస్థలలో డెబియన్ పాతది, పేరున్నది. 1993 ఆగస్టులో అమెరికాలో ఇయాన్ మర్డాక్ అనే విద్యార్థి దీనిని ప్రారంభించాడు. పేరులో సగం ఆయనది, మిగతా సగం ఆయన స్నేహితురాలు డెబ్రాది. దేశదేశాల స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి దీనిని నడుపుతున్నారు. వీరికి ఒక పెద్ద గోదాము వుంది. 2025 ఆగస్టులో వెలువడిన 13వ డెబియన్ నాటికి అందులో దాదాపు 70 వేల సంచులు చేరాయి. ఆ సంచినే ప్యాకేజీ అంటారు. ప్రతి సంచిలో ప్రోగ్రాముతోపాటు ఒక చీటీ వుంటుంది. దాని పేరు, ఎన్నో రకం, అది పనిచేయడానికి ఇంకా ఏమేమి కావాలి, దేనితో కలిస్తే గొడవ వస్తుంది అన్నవి ఆ చీటీలో రాసి వుంటాయి.

బోరుకు మోటారు ఒక్కటే తెస్తే నీరు రాదు. కేబులు కావాలి, పైపులు కావాలి, క్లాంపులు, ప్యానల్ బోర్డు కావాలి. ఒకటి మరచినా మళ్లీ పట్నం పరుగు. తెలిసిన మెకానిక్ అయితే అన్నీ రాసి ఒకేసారి తెప్పిస్తాడు. డెబియన్‌లో ఈ మెకానిక్ పేరు ‘ఆప్ట్’. ‘ఆప్ట్ ఇన్‌స్టాల్’ అని ప్రోగ్రాము పేరు కొడితే చాలు, చీటీ చదివి కావలసినవన్నీ గోదాము నుంచి తెచ్చి, ‘డీపీకేజీ’ అనే పనివాని చేత విప్పించి, వరుసగా పెట్టిస్తుంది. ‘ఆప్ట్ అప్‌డేట్’ అంటే కొత్త జాబితా తెస్తుంది. ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ అంటే పాతబడినవన్నీ ఒక్కసారిగా మారుస్తుంది. తీసివేయమంటే శుభ్రంగా తీసివేస్తుంది. అక్షరాలు కొట్టడం రానివారికి బొమ్మలు నొక్కే పద్ధతీ వుంది. రెడ్‌హాట్, ఫెడోరా వంటి వాటిలో ఇదే పనిని ‘డీఎన్‌ఎఫ్’ చేస్తుంది. ఆప్ట్ 1999లో వచ్చిన డెబియన్‌తోనే అందరి చేతికీ అందింది. ఇప్పుడు అందరి ఫోన్లలో కనిపించే ప్రోగ్రాముల దుకాణాలు పుట్టినది ఆ తరువాత తొమ్మిదేళ్లకు.

ఇక ట్యాగు సంగతి. గోదాము జాబితాకు డెబియన్ వారు రహస్య తాళంతో ఒక ముద్ర వేస్తారు. జాబితాలో ప్రతి సంచికీ లెక్క కట్టిన గుర్తు వుంటుంది. దారిలో ఎవరైనా సంచి విప్పి ఒక్క అక్షరం మార్చినా గుర్తు తప్పుతుంది, ఆప్ట్ ఆ సంచిని తీసుకోదు. గోదాము దాటి ఎక్కడిదో సంచి తెచ్చి విప్పుకుంటే మాత్రం ఈ కాపలా అంతా గాలికి పోయినట్లే.

ముద్ర వున్నంత మాత్రాన విత్తనం మంచిదేనా? 2024లో ఈ అనుమానమే నిజమైనంత పని జరిగింది. ఫైళ్లను కుదించే ‘ఎక్స్‌జెడ్’ అనే ప్రోగ్రాములో జియా టాన్ పేరుతో ఒక వ్యక్తి రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేసి, చివరకు దొంగదారి పెట్టాడు. ఆ వ్యక్తి ఎవరో నేటికీ బయటపడలేదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటర్ లోపలికి రానిచ్చేందుకు అర సెకను ఎక్కువ తీసుకుంటున్నదని గమనించి, కూపీ లాగి, మార్చి 29న లోకానికి వెల్లడించాడు. అర సెకను! మన కంప్యూటర్ అరగంట నిలిచిపోయినా కరెంటును తిట్టుకుని వూరుకుంటాం. డెబియన్‌లో కొత్త సంచి ముందు ‘అన్‌స్టేబుల్’ మడిలో, తరువాత ‘టెస్టింగ్’ మడిలో పెరిగి, అక్కడ నిలిస్తేనే జనం వాడే ‘స్టేబుల్’లోకి వస్తుంది. ఆ విషపు సంచి మొదటి రెండు మడులలోనే దొరికిపోయింది.

తెలుగు మాటేమిటని అడగవచ్చు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ కార్యకర్తలు తెలుగువారి కోసం అదే పేరుతో డెబియన్ పునాదిగా ఒక వ్యవస్థను తయారుచేశారు. పోతన, వేమన పేర్లు గల తెలుగు అక్షరాల ఫాంట్లు కూడా డెబియన్ గోదాములో ప్యాకేజీగా వున్నాయి. పొరుగున కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఎన్నో ఏళ్లుగా ఇటువంటి వ్యవస్థల మీదనే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. ఇక్కడి బడులలో మూల పడివున్న కంప్యూటర్లను చూస్తే అధికారులు ఈ దిశగా ఎందుకు ఆలోచించరో అర్థం కాదు.

చిక్కులు లేవని కాదు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు తయారుచేసే డీటీపీ షాపులు పేజ్‌మేకర్‌లో అను అక్షరాలతో పనిచేస్తున్నాయి. పేజ్‌మేకర్ లినక్స్ కోసం తయారైనది కాదు. అను అక్షరాలతో కొట్టిన పాత ఫైళ్లను మామూలు తెలుగులోకి మార్చుకోవడమూ ఒక పనే. అందువల్ల డీటీపీ షాపువారు ఒక్కసారిగా మారడం కష్టం. జిరాక్సు, దరఖాస్తుల పని, బడి పని వేరు. మరీ పాత 32 బిట్ కంప్యూటర్లకు 13వ డెబియన్‌ను ఎక్కించే ఏర్పాటు తీసివేశారు. కొన్ని ప్రింటర్లు, వేలిముద్ర యంత్రాలు మొరాయించవచ్చు.

కనుక ఉన్నదానిని చెరపకుండా పెన్‌డ్రైవ్ నుంచే డెబియన్‌ను నడిపి చూసే సదుపాయం వుంది. దానితో ప్రింటరు కదులుతున్నదా, తెలుగు సరిగా పడుతున్నదా అని చూసుకోవాలి. పాత ఫైళ్లను వేరే డిస్కులోకి ఎక్కించుకున్న తరువాతే అసలు యంత్రం మీద చేయి వేయాలి. ఇంటర్నెట్ సరిగా అందని ఊళ్లకు డెబియన్ సంచులు డీవీడీల మీద కూడా వస్తాయి; ఆప్ట్ వాటి నుంచీ తీసుకుంటుంది.