మిట్టమధ్యాహ్నపు చీకటి: సీమ నేరకథల విశేషాలు

డెన్మార్క్, స్వీడన్, నార్వేల క్రైమ్ థ్రిల్లర్లంటే మంచు, మబ్బు, ఎంతకీ తెల్లారని రాత్రి గుర్తొస్తాయి. కానీ వాటిలో పేరున్న నార్వే చిత్రం 'ఇన్‌సోమ్నియా' (1997)లో అసలు రాత్రే లేదు. కథ జరిగేది ఆర్కిటిక్ వలయం లోపలున్న ట్రోమ్సోలో. నడివేసవిలో అక్కడ పొద్దు గుంకదు. హత్య కేసు మీద వచ్చిన పోలీసు అధికారి పొగమంచులో పొరపాటున తోటి అధికారినే కాల్చేసి, ఆ సంగతి దాస్తాడు. ఇక కంటి మీద కునుకుండదు. హోటల్ గది కిటికీని ఎంత మూసినా వెలుతురు ఎక్కడో ఓచోట నుంచి లోపలికి వచ్చేస్తుంది. 2002లో క్రిస్టఫర్ నోలన్ ఇదే కథను అల్ పచీనోతో అలాస్కాకు మార్చి తీశాడు. మే నెలలో కర్నూలు ఎండ తిన్నవాళ్లకు ఈ సినిమా మరీ బాగా ఎక్కుతుంది. భయపెట్టడానికి చీకటే ఉండాలని లేదు, దాక్కోవడానికి చోటివ్వని వెలుగు చాలు.

అలాగని చీకటి కథలు మనకు లేకపోలేదు. రాయచోటి నుంచి వచ్చిన నటుడు కిరణ్ అబ్బవరం 2024 దీపావళికి 'క' అనే థ్రిల్లర్ చేశాడు. అందులోని కృష్ణగిరి అనే ఊరి చుట్టూ కొండలు. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఊరు చీకటి పడిపోతుంది. ఊరివాళ్ల ఉత్తరాలు విప్పి చదివే అలవాటున్న పోస్ట్‌మ్యాన్, ఒకరి తర్వాత ఒకరు మాయమయ్యే ఆడపిల్లలు, ఇదీ కథ. ఇలాంటి ఊరు నిజంగానే ఉంది. పెద్దపల్లి జిల్లా కొదురుపాకలో కొండల వల్ల పొద్దు ముందే వాలిపోతుంది, అందుకే దాన్ని మూడు జాముల కొదురుపాక అంటారు.

ఇక సీమ కథలంటే మొదట గుర్తొచ్చే, కర్నూలు నడిబొడ్డున ఉన్న కొండారెడ్డి బురుజు పాత కోటలో మిగిలిన భాగం. 16వ శతాబ్దంలో అచ్యుతదేవరాయల కాలంలో కట్టిందని చెబుతారు. 2003 సంక్రాంతికి వచ్చిన 'ఒక్కడు' దాన్ని తెలుగువాళ్లందరికీ చూపించింది. కబడ్డీ ఆడటానికి హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడు ఆ బురుజు దగ్గరే విలన్ ఓబుల్‌రెడ్డి మీద చెయ్యి చేసుకుని, అమ్మాయిని తీసుకుని పారిపోతాడు. మరుసటి ఏడాది తమిళంలో 'గిల్లి'గా తీసినప్పుడు కర్నూలు స్థానంలో మదురై వచ్చింది. 2020లో 'సరిలేరు నీకెవ్వరు' కోసం ఇదే బురుజును సెట్ వేసి మళ్లీ చూపించారు.

రాయలసీమ ఫ్యాక్షన్ సినిమాల వరుస 'ప్రేమించుకుందాం రా' (1997)తో ఊపందుకుంది. 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001), 'ఇంద్ర' (2002) మూడింటికీ దర్శకుడు బి. గోపాల్, మాటలు పరుచూరి సోదరులవి. ఎవరూ సీమవాళ్లు కారు. గాల్లోకి లేచే సుమోలు, నాటుబాంబులు, వేటకొడవళ్లు తెర నిండా ఉన్నాయి. వాన పడని ఏడాది మాత్రం కనిపించదు. కోర్టు వాయిదాలకు తిరిగి తిరిగి పొలం అమ్ముకున్న మనిషీ కనిపించడు. కడప, కర్నూలు జనం ఆ సినిమాలు ఎగబడి చూశారు, తమను అలా చూపించినందుకు నొచ్చుకున్నారు కూడా. ఆ నొప్పి న్యాయమైనదే.

స్కాండినేవియా నేరకథలకు అంత ఆదరణ ఎందుకో తెలియాలంటే డెన్మార్క్ సీరియల్ 'ఫోర్‌బ్రుదెల్సెన్' (2007) చూడాలి. మొదటి సీజన్‌లో 20 భాగాలున్నా హత్య కేసు ఒక్కటే, చనిపోయిన నన్నా అనే అమ్మాయిది. హంతకుడెవరన్న ప్రశ్న ఎంత సేపు నడుస్తుందో, కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల ఇల్లూ అంత సేపు కనిపిస్తుంది. వంట చేయాలి, మిగిలిన పిల్లల్ని బడికి పంపాలి. చావు తర్వాతి రోజులే అసలు కథ.

తెలుగులో ఆ దారికి దగ్గరగా వెళ్లింది 'అరవింద సమేత వీర రాఘవ' (2018). దర్శకుడు త్రివిక్రమ్ ఇందులో మామూలుగా సినిమా చివర్లో ఉండాల్సిన నరుకుడును మొదట్లోనే పెట్టి, ఆ తర్వాత ఏమవుతుందని అడిగాడు. కొమ్మద్ది, నల్లగుడి ఊళ్ల మధ్య పగ పేకాటలో మొదలైంది. భర్తనూ కొడుకునూ పోగొట్టుకున్న ఆడవాళ్లు మాట్లాడటం మొదలుపెట్టాక కథ దారి మారుతుంది. యాస కోసం సీమ కవి, గాయకుడు పెంచల్‌దాస్ సాయం తీసుకున్నారు. సంభాషణల్లో ఆ తేడా చెవికి తెలుస్తుంది. ఫైట్లు తీసేసినా నిలబడే సినిమా అది.

సీమ పగ మీదే వచ్చిన రాజమౌళి 'మర్యాద రామన్న' (2010)కు ప్రేరణ బస్టర్ కీటన్ మూకీ చిత్రం 'అవర్ హాస్పిటాలిటీ' (1923). దానికి ఆధారం అమెరికాలో హాట్‌ఫీల్డ్, మెకాయ్ కుటుంబాల మధ్య నిజంగా సాగిన పగ. ఇంట్లో ఉన్నంత సేపూ అతిథి, గడప దాటితే శత్రువు. ఆ నియమం సీమ ఇంట్లో ఇట్టే ఇమిడిపోయింది. హిందీ, తమిళం, కన్నడం, మలయాళం, బెంగాలీల్లోనూ ఈ తెలుగు సినిమాను మళ్లీ తీశారు.

సీమవాళ్లు తీసిన సినిమాలూ లేకపోలేదు. తెలుగు సినిమాకు తొలి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం (1974) తెచ్చిన బి.ఎన్. రెడ్డిది కడప జిల్లా పులివెందుల దగ్గరి కొత్తపల్లి. ఆయన తీసిన 'మల్లీశ్వరి' (1951)లో కత్తి దూసే వీరుడి కన్నా ఎదురుచూసే మనిషికే చోటెక్కువ.

స్వీడన్, డెన్మార్క్ కలిసి తీసిన సీరియల్ 'బ్రోన్' (2011) ఒరెసుండ్ వంతెన మీద మొదలవుతుంది. సరిగ్గా సరిహద్దు గీత మీద శవం దొరుకుతుంది. కేసు ఎవరిదో తేలక రెండు దేశాల పోలీసులూ కలిసి పనిచేయాల్సి వస్తుంది. ఇదే కథను అమెరికా–మెక్సికోకు, ఇంగ్లండ్–ఫ్రాన్స్‌కు, సింగపూర్–మలేసియాకు మార్చి తీశారు. అలాంటి సరిహద్దు మనకూ ఉంది. కర్నూలు అంచున తుంగభద్ర పారుతుంది. 2014 జూన్ 2 నుంచి అది రెండు రాష్ట్రాలకు సరిహద్దు. ఇవతల కర్నూలు, అవతల అలంపురం వైపు తెలంగాణ. 2009 అక్టోబరులో ఊరిని ముంచింది ఆ ఏరే, వేసవిలో రాళ్లు తేలి కనిపించేదీ ఆ ఏరే. కేసీ కాలువకు సుంకేసుల దగ్గర నీళ్లిచ్చేదీ అదే. నీళ్ల వాటా మీద తగువు, రెండు పోలీసు శాఖలు, వంతెన మీద ఒక శవం. సుమో ఒక్కటి కూడా పేలని ఆ సినిమాను సీమ పిల్లలెవరైనా వాళ్ల యాసలోనే తీస్తే మొదటి ఆటకే వెళ్తాను.