తడిస్తే తడవనీ... తెల్లారేసరికి ఆరాలి

ఉద్దానం తీరంలో వానాకాలం పరుగుకు ఏం వేసుకోవాలి? జవాబు చొక్కా లోపలి కుట్టులోనే ఉంది.

సంతబొమ్మాళి నుంచి నౌపడా ఉప్పుమళ్ల వైపు పోయే దారుల్లో, టెక్కలి చుట్టుపక్కల, పలాస రైల్వేగేట్ల దగ్గర తెల్లవారకముందే పరుగెత్తేవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో ఎక్కువమంది ఒంట్లో కొవ్వు కరిగించుకోవడానికి వచ్చినవాళ్లు కాదు. సైన్యంలోనో పోలీసులోనో ఉద్యోగం కోసం వచ్చిన పిల్లలు. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లో ముగిస్తేనే పరుగుకు పూర్తి 60 మార్కులు. రాష్ట్ర కానిస్టేబుల్ పరీక్షలో 1600 మీటర్లకు మగవాళ్లకు 8 నిమిషాలు, ఆడవాళ్లకు పదిన్నర నిమిషాలు గడువు. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు ప్రకటన వస్తే, దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు 30న. మధ్యలో రెండు వానాకాలాలు పోయాయి. పిలుపు ఎప్పుడొస్తుందో తెలియని పరీక్షకు వానొచ్చిందని సాధన మానేస్తే కాళ్లు మొద్దుబారిపోతాయి. అందుకే వానలోనూ పరుగు ఆగదు.

ఎడిటర్ గారు అడిగింది రెయిన్ జాకెట్లు, వాటర్‌ప్రూఫ్ బూట్లు, ధరలతో ఒక పట్టిక. ఆ పట్టిక వేయడం లేదు. ఈ పిల్లలకు నిజంగా పనికొచ్చే కాగితం ఒకటి దొరికింది. కాగితమని కూడా అనలేం. వేలెడంత తెల్లటి గుడ్డముక్క.

ఎడమవైపు కుట్టులో

టీషర్టు తిరగేసి ఎడమ పక్క కుట్టు వెంట చెయ్యి పెట్టి చూడండి. నడుము దగ్గర ఒక చీటీ తగులుతుంది. చిన్న అక్షరాల్లో కాటన్ ఎంత శాతం, పాలిస్టర్ ఎంత శాతం అని ఉంటుంది. కింద ఇస్త్రీపెట్టె బొమ్మ, నీళ్ల తొట్టి బొమ్మ. గుచ్చుకుంటోందని చాలామంది కొన్న రోజే దాన్ని కత్తిరించి పారేస్తారు. వానలో పరుగెత్తేవాడు దుకాణంలో బ్రాండు పేరు కన్నా ముందు చదవాల్సింది దాన్నే.

ఎందుకంటే, నూలు పోగు నీటిని తనలోకి తీసుకుంటుంది. వాన లేకపోయినా, 65 శాతం తేమ ఉన్న మామూలు గాలిలోంచే కాటన్ తన బరువులో సుమారు 8.5 శాతం తేమ పీల్చుకుంటుంది. నైలాన్ 4 శాతం పైచిలుకు. పాలిస్టర్ 0.4 శాతం. జోరువానలో పాలిస్టర్ కూడా తడుస్తుంది, అందులో సందేహం లేదు. కానీ నీళ్లు పోగుల మధ్య సందుల్లో నిలుస్తాయే తప్ప పోగులోకి దిగవు. పిండితే జారిపోతాయి, ఫ్యాను గాలికి రాత్రికి రాత్రే ఆరిపోతాయి. కాటన్ బనియన్ అలా కాదు. పూర్తిగా నానితే తన బరువును మించిన నీటిని మోస్తుంది. భుజాల మీద సాగి, చంకల్లో ఒరుసుకుని, మర్నాడు పొద్దున ముతక వాసనతో ఇంకా చెమ్మగానే ఉంటుంది.

మన ఎండలకు కాటనే హాయి, నిజమే. నేనూ ఇంట్లో కాటన్ తప్ప వేసుకోను. వానలో పరుగు మాత్రం వేరే పని. అయితే మేలైన వానచొక్కా కోసం వేలు ఖర్చు పెట్టనక్కర్లేదు. ఊళ్లో క్రికెట్, కబడ్డీ టోర్నమెంట్లకు కుట్టించిన జెర్సీ, వెనక నంబరు, ముందు దాత పేరు ఉన్నది, చాలా ఇళ్లలో దండెం మీద వేలాడుతూనే ఉంటుంది. చీటీ చూడండి, దాదాపుగా పాలిస్టరే. సన్నటి రంధ్రాల అల్లిక అయితే మరీ మంచిది. ఒంటికి కాస్త పట్టి ఉండాలి. వదులుగా ఉంటే తడిసి టపటపా కొట్టుకుంటూ ఛాతీ మీద చర్మం లేపేస్తుంది. దాని కింద కాటన్ బనియన్ వేసుకుంటే జెర్సీ వల్ల లాభమే పోతుంది.

చీటీ కత్తిరించేసిన చొక్కా అయితే బకెట్లో ముంచి, గట్టిగా పిండి, రాత్రి ఫ్యాను కింద ఆరేయండి. తెల్లారేసరికి పొడిగా ఉంటే పరుగుకు తీసుకోండి. కింద ట్రాక్ ప్యాంటు వద్దు. మోకాలి దాకా నీరు పీల్చుకుని కాళ్లకు చుట్టుకుంటుంది. పల్చటి షార్ట్ చాలు. తొడలు ఒరుసుకునే చోట బయలుదేరే ముందు కొబ్బరి నూనె రాసుకోవాలి. ఉద్దానంలో దానికి కరువేముంది!

జాకెట్ మీద నాకు నమ్మకం లేదు

వానను ఆపి చెమట ఆవిరిని బయటికి పంపే జాకెట్లు చలిదేశాల్లో బాగా పనిచేస్తాయి. లోపల వెచ్చని తేమ, బయట చల్లని పొడిగాలి ఉంటేనే ఆవిరి బయటికి పోతుంది. జులైలో భావనపాడు తీరపు గాలి జాకెట్ లోపలి గాలికి దీటుగా తేమతో బరువెక్కి ఉంటుంది. ఆవిరి ఎటు పోతుంది? వాన తడపని ఒళ్లు చెమటకు తడుస్తుంది, పైగా ఉడికిపోతుంది. మామూలు ప్లాస్టిక్ రెయిన్‌కోటు అయితే ఇంకా అన్యాయం. పరుగు ముగిశాక, కదలకుండా నిలబడేటప్పుడు వేసుకోవడానికి ఒకటి సంచిలో ఉంటే చాలు. ముందు అంచున్న టోపీ మాత్రం మంచి పెట్టుబడి, కళ్లలో చినుకులు పడవు.

వానదుస్తుల చరిత్ర రెండు మాటల్లో: మన పొలాల్లో తాటాకు గొడుగు, నెత్తిన మడిచి కప్పుకున్న గోనెసంచి, 1823లో స్కాట్లండ్‌వాడు చార్లెస్ మకింటాష్ రబ్బరు పూసిన గుడ్డకు పేటెంటు పొందాడు, 1930లలో నైలాన్ వచ్చింది, 1969లో అమెరికాలో బాబ్ గోర్ సాగదీసిన పొరతో చెమట ఆవిరిని వదిలే వానజాకెట్లకు దారి పడింది. ఇవన్నీ వచ్చాక కూడా, 2025 మే నెలాఖరున దక్షిణ కొరియాలోని గుమిలో, జోరువానకు ఖాళీ అయిన స్టేడియంలో, మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి ఆసియా ఛాంపియన్‌షిప్స్ 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.96 సెకన్లలో గెలిచింది. ఒంటిమీద ఉన్నది ఎప్పుడూ వేసుకునే పల్చటి పోటీ దుస్తులే.

బూటు ఆరకపోవడమే అసలు బాధ

తడవడం గురించి ఈ పిల్లలెవరూ ఫిర్యాదు చేయరు. నిన్నటి బూటు ఇవాళ్టికి ఆరకపోవడం గురించే చెబుతారు. వాటర్‌ప్రూఫ్ బూటులో చీలమండ దగ్గర పైనుంచి నీళ్లు దిగాయంటే బయటికి దారి ఉండదు, అడుగడుగునా బుడుక్ బుడుక్. పైభాగం జాలీ గుడ్డతో ఉన్న బూటులో నీళ్లు ఎంత తొందరగా వస్తాయో అంత తొందరగా పోతాయి. అడుగున గాడులు అరిగి నున్నబడితే మార్చేయండి. పాచి పట్టిన సిమెంటు రోడ్డు, స్పీడ్‌బ్రేకరు మీది తెల్లరంగు, ఇనుప మూతలు వానలో చాలా జారుతాయి.

ఇంటికి రాగానే లోపలి అట్ట బయటికి లాగి, బూటు నిండా పాత పేపర్లు కుక్కాలి. గంటకోసారి మార్చాలి. పొయ్యి దగ్గర పెడితే అడుగు అంటు ఊడుతుంది, మెత్తటి ఫోమ్ గట్టిపడి వంకర పోతుంది. ఇక్కడివాళ్లకు ఇంకో పని ఉంది. సముద్రపొడ్డునో ఉప్పుమళ్ల పక్కనో పరుగెత్తి వచ్చిన బూటును ముందు మంచినీళ్లతో కడగాలి. వానాకాలం వంటింట్లో ఉప్పుడబ్బా నీరు కారినట్టే, గుడ్డలో దిగిన ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటూ బూటును ఆరనివ్వదు. స్తోమత ఉంటే రెండు జతలు మార్చి మార్చి వాడాలి. లేకపోతే మేజోళ్లయినా రెండు జతలు, కాటన్‌వి కాకుండా, ఉండాలి. నానిన కాటన్ మేజోడు బొబ్బలెక్కిస్తుంది, వేళ్ల సందులు పాచిపోతాయి.

అమ్మాయిలకు

తడిసిన లేతరంగు బట్ట ఒంటికి అతుక్కుంటుందన్న జంకుతోనే వానరోజు ఇంట్లో ఉండిపోయే అమ్మాయిలు ఉన్నారు. శిక్షణ ఇచ్చేవాళ్లు ఈ సంగతి ముందే మాట్లాడాలి. ముదురు రంగు లేదా నిండా అచ్చువేసిన పాలిస్టర్ జెర్సీ, లోపల పట్టి ఉండే స్పోర్ట్స్ బ్రా, షార్ట్ బదులు కాలికి అతుక్కునే నైలాన్ టైట్స్ ఆ జంకు తీరుస్తాయి. చున్నీ ఇంట్లోనే ఉంచండి.

లారీవాడికి కనిపించాలి

ముదురు రంగుతో వచ్చే చిక్కు ఇదే. 16వ నంబరు జాతీయ రహదారి మీద వానపొద్దున అది అసలు కనిపించదు. వీపుకూ చీలమండలకూ వెలుతురును తిప్పికొట్టే టేపు అంటించండి. వాహనాలకు ఎదురుగా, కుడి అంచున పరుగెత్తండి. వీలైతే హైవే జోలికే పోవద్దు.

నీళ్లు, నొప్పిమాత్ర

వానలో చెమట పట్టినట్టే తెలియదు, దాహం వేయదు. అయినా ఒంట్లో నీరు పోతూనే ఉంటుంది. కిడ్నీ జబ్బుతో ఇన్ని ఇళ్లు నలిగిన ఉద్దానంలో, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరవాల్సి వచ్చిన చోట, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సాధనకు ముందూ తర్వాతా శుభ్రమైన నీళ్లు తాగాలి. మోకాలి నొప్పికి ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్ర వేసుకుని పరుగెత్తకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీకి అందే రక్తాన్ని తగ్గించగలవు.

పిడుగు

ఉరుము వినిపించిందంటే పరుగు ఆపి పక్కా ఇంట్లోకి వెళ్లాలి. కొబ్బరిచెట్టు కింద, తోటలోని పాకలో నిలబడకూడదు. చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు ఆగి బయటికి రండి.