ఎర చేపలు చచ్చిపోకుండా ఉండాలంటే



సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు మనలో చాలామంది నాన్నతోనో, మామతోనో గాలానికి పోతాం. శబరి ఒడ్డు వాళ్ళకీ, గోదావరి ఒడ్డు వాళ్ళకీ ఇది కొత్త సంగతి కాదు. వానపామును గుచ్చితే జెల్లలు పడతాయి. కానీ కొర్రమీను, వాలుగ వేటాడి తినే చేపలు. వాటికి కదిలే ఎర కావాల. అందుకే పొద్దున చిన్న వలతో పరిగెలు పట్టి, సాయంత్రం గాలాలకు గుచ్చి, రాత్రంతా ఉంచి తెల్లారి తీస్తారు.

చిక్కంతా మధ్యలోనే ఉంది. పొద్దున పట్టిన పరిగెలు మధ్యాహ్నానికే వెల్లకిలా తేలిపోతాయి. ఎర లేకపోతే ఆ రాత్రి గాలం లేదు. గాలం లేకపోతే తెల్లారి సంతకు చేప లేదు. చేపల డబ్బుతోనే ఉప్పూ పప్పూ కొనుక్కునే ఇంటికి ఇది చిన్న నష్టం కాదు. అవి ఎందుకు చస్తున్నాయో మనం తరగతిలో చదివిన సైన్సుతోనే తెలుసుకోవచ్చు.

చేప ఏ గాలి పీలుస్తుంది?

చేపకు కూడా మనలాగే ఆక్సిజన్ కావాలి. అది నోటితో నీళ్ళు తీసుకొని మొప్పల మీదుగా బయటకు వదులుతుంది. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ మొప్పల్లోని రక్తంలోకి పోతుంది. "నీరంటే హెచ్ టూ ఓ కదా, అందులోనే ఆక్సిజన్ ఉందిగా" అని కొందరు అడుగుతారు. ఆ ఆక్సిజన్ హైడ్రోజన్‌తో కలిసిపోయి ఉంది, చేపకు అందదు. విడిగా కరిగి ఉన్నదే పనికొస్తుంది. వాగులో అయితే అది పై గాలి నుంచీ, నీటి మొక్కల నుంచీ వస్తుంది. బకెట్లో అయితే పైనుంచే రావాలి.

అది ఎంత తక్కువో చూడండి. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. ఒక లీటరు నీళ్ళలో కరిగేది ఇంతే:

20 డిగ్రీల వద్ద – 9.1 మిల్లీగ్రాములు
25 డిగ్రీల వద్ద – 8.3 మిల్లీగ్రాములు
30 డిగ్రీల వద్ద – 7.6 మిల్లీగ్రాములు
35 డిగ్రీల వద్ద – 6.9 మిల్లీగ్రాములు

నీళ్ళు వేడెక్కితే రెండు నష్టాలు. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకేమో అవసరం పెరుగుతుంది.

చిన్న ప్రయోగం: గాజు గ్లాసులో చల్లని నీళ్ళు పోసి ఎండలో పెట్టండి. కొంతసేపటికి గ్లాసు లోపలి గోడకు సన్నని బుడగలు అంటుకుంటాయి. నీళ్ళలో కరిగి ఉన్న గాలే వేడికి అట్లా బయటకు వస్తోంది.

ఒక లెక్క

బకెట్లో 10 లీటర్ల నీళ్ళు, 30 డిగ్రీల వేడి అనుకుందాం. అందులో ఉన్న మొత్తం ఆక్సిజన్ 76 మిల్లీగ్రాములు. ఒక్కోటి 5 గ్రాముల బరువున్న పరిగెలు 40 వేశాం, అంటే 200 గ్రాములు. చిన్న చేపలు కిలోకు గంటకు సుమారు 300 మిల్లీగ్రాములు వాడుకుంటాయి. కంగారు పడితే ఇంకా ఎక్కువ. 200 గ్రాములకు గంటకు 60 మిల్లీగ్రాములు. పైనుంచి కొత్త గాలి కరగకపోతే గంటలోపే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి.

అదే బకెట్లో 10 పరిగెలే వేస్తే గంటకు 15 మిల్లీగ్రాములే. అత్యాశకు 40 వేసి అన్నీ పోగొట్టుకోవడం కన్నా 10 వేసి పదీ దక్కించుకోవడం మేలు.

ఏం చెయ్యాల?

1. వెడల్పు మూతి పాత్ర తీసుకోండి. గాలి నీటి పై ముఖం నుంచే లోపలికి కరుగుతుంది. సన్న మూతి బిందె నిండా నీళ్ళు పోస్తే పై ముఖం చిన్నదవుతుంది. తొట్టి గాని, వెడల్పు బకెట్ గాని మంచిది. గట్టి మూత పెట్టవద్దు. చేపలు ఎగిరి పడకుండా వల గుడ్డ కట్టండి.

2. చేపలు పట్టిన వాగు నీళ్ళే పోయండి. బ్లీచింగ్ కలిపిన కుళాయి నీళ్ళలోని క్లోరిన్ మొప్పలను కాల్చేస్తుంది.

3. నీడన పెట్టండి. బకెట్ చుట్టూ గోనె సంచి చుట్టి తడుపుతూ ఉండండి. మట్టికుండలో నీళ్ళు చల్లబడేది ఎట్లాగో ఇదీ అట్లాగే.

4. మేత వెయ్యవద్దు. చేపలు మొప్పల నుంచి అమ్మోనియా వదులుతాయి. మేత కుళ్ళితే అది ఇంకా పెరుగుతుంది. చచ్చిన చేపను వెంటనే తీసెయ్యండి.

5. నీళ్ళు మార్చాలంటే మూడో వంతు తీసి, అంతే కొత్తవి మెల్లగా పోయండి. వేడి నీళ్ళలో ఉన్న చేపను ఒక్కసారిగా చల్లటి నీళ్ళలో వేస్తే తట్టుకోలేదు.

6. చెయ్యి తడుపుకొని పట్టుకోండి. చేప ఒంటి మీది జిగురే దానికి రక్ష. పొడి చేత్తో అది ఊడిపోతుంది.

గాలి పంపు

ఇప్పుడు బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపులు దొరుకుతున్నాయి. పంపు నుంచి సన్న గొట్టం, గొట్టం చివర సన్న రంధ్రాల రాయి ఉంటాయి. రాయిని బకెట్ అడుగున పెడితే బుడగలు పైకి వస్తాయి. ఆ బుడగల నుంచి కొంత ఆక్సిజన్ కరుగుతుంది. అంతకన్నా పెద్ద మేలు, అడుగు నీళ్ళు పైకి వచ్చి గాలిని తాకడం. బుడగలు ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. చేపలు గిరగిరా తిరిగిపోయేంత జోరు వద్దు, అవి అలసిపోతాయి. పంపును ఎప్పుడూ నీటి మట్టం కన్నా పైన ఉంచండి. కింద ఉంచితే, పంపు ఆగినప్పుడు నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకి పోతాయి.

పంపు ఉంది కదా అని ఎండలో పెట్టినా, చేపలను కుక్కినా అది కాపాడలేదు.

పంపు లేని వాళ్ళు చెంబుతో నీళ్ళు ముంచి జానెడు ఎత్తు నుంచి తిరిగి పోస్తూ ఉంటే చాలు. బెంగాల్లో పూర్వం చేప పిల్లలను హండీలనే మట్టికుండల్లో రైళ్ళ మీద దూరాలకు తీసుకుపోయేవాళ్ళు. దారి పొడవునా మనుషులు కూర్చుని ఆ నీళ్ళను కదుపుతూనే ఉండేవాళ్ళు. ఇప్పుడు ప్లాస్టిక్ సంచిలో మూడో వంతు నీళ్ళు, మిగతాది ఆక్సిజన్ నింపి మూతి బిగించి పంపుతున్నారు.

అన్నిటికన్నా చవకైనది మన వెదురు బుట్ట. మూత ఉన్న బుట్టలో పరిగెలు వేసి, మెల్లగా పారే వాగులో నీడ పట్టున మునిగేలా కట్టెయ్యండి. నీళ్ళు మార్చే పని, గాలి కలిపే పని వాగే చేసిపెడుతుంది.

మీకు తెలుసా?

మృగశిర కార్తె నాడు హైదరాబాదులో చేప మందు కోసం కొర్రమీను పిల్లలను కొద్దిపాటి నీళ్ళున్న ప్లాస్టిక్ సంచుల్లో పట్టుకుపోతారు. ఆ మందు సంగతి ఇక్కడ కాదు. అంత తక్కువ నీళ్ళలో అవి ఎట్లా బతుకుతాయన్నదే మన ప్రశ్న. కొర్రమీనుకు తలలో మొప్పల పైన గాలి పీల్చే అవయవం ఉంది. అది పైకి వచ్చి నేరుగా గాలి మింగుతుంది. పరిగెకు ఆ వసతి లేదు. అందుకే కొర్రమీను బతికిన బకెట్లో పరిగె బతకదు.

ఒక హెచ్చరిక: మిగిలిపోయిన ఎర చేపలను పట్టిన వాగులోనే వదలండి. వేరే చెరువులో, కుంటలో వదలొద్దు. ఒకచోటి రోగం, పురుగులు ఇంకోచోటికి పాకుతాయి. ఇంకో మాట, వానాకాలంలో వాగు పొంగినప్పుడు బుట్ట కోసం ఒంటరిగా నీళ్ళలో దిగవద్దు. ఎర పోతే మళ్ళీ పట్టుకోవచ్చు.

పాఠకులకు ప్రశ్న: ఒకే కొలత నీళ్ళు, ఒకే సంఖ్య పరిగెలు. ఒకటి లోతైన బిందె, ఒకటి వెడల్పు పళ్ళెం. ఎందులో చేపలు ఎక్కువసేపు బతుకుతాయి? ఎందుకు? జవాబుతో పాటు మీ ఊళ్ళో పెద్దవాళ్ళు ఎరను ఎట్లా కాపాడతారో కూడా కాగితం మీద రాసి గోడపత్రిక డబ్బాలో వెయ్యండి. మంచివి వచ్చే సంచికలో రాస్తాం.